శని ఆదివారముల కొయ్యపని శాల

(మన సంఘ వార్షిక మహాసభయందు గావింపబడిన యుపన్యాసము)



 విద్యాధికులును శిల్పవిద్యావిశారదులును నిండియున్న యీ సభలో నాకంటె సమర్థులు పెక్కురు గలరు. నేను శాస్త్రము చదివినవాడను గాను. ముప్పదియైదేండ్లు కచేరీలో వ్రాతపని చేసి విశ్రాంతి గైకొన్నవాడను. వడ్రంగి యింట బుట్టియు, అరువదేండ్లు నిండినపిమ్మట మొట్టమొదటిసారి బాడిస చేతబట్టితిని. ఇంతకాలము పట్టకుండుట నా దురదృష్టము. ఇప్పటికైనను పట్టగలుగుట నా యదృష్టము. ఈ రెంటినిగూర్చి చెప్పి, తుదకు సంఘమువారిముందొక మనవి పెట్టుకొని విరమించెదను.

మన కులపు పంచశాఖలను, పంచబ్రహ్మలను గూర్చి యిచ్చట పునరుక్తి చేయ బనిలేదు. ఋగ్వేద దశమమండలమందలి 81, 82 సూక్తములు విశ్వకర్మను గూర్చినవని పెద్దలు మనకు బోధించుచునేయున్నారు. మన పూర్వులు తమ కర్మాధికారముకొరకు చిత్తూరు అదాలతు న్యాయస్థానమువరకు బోయి 1818 లో తీర్పు పొందిన కథయు మన సభలలో ఏటేట వినబడుచున్నది. వినవలసినదే. అయితే హక్కును సంపాదించుట యొకయెత్తు. ఆ హక్కునకు మూలమైన విద్యను నిలుపుకొనుట మఱియొకయెత్తు. మొదటిదానిని పూర్వులు చేసిరి. రెండవదానిని మనము చేయుచున్నామా యని నన్ను నేనే ప్రశ్నించుకొనవలసివచ్చెను.

మా నాయనగారు మా గ్రామమున ఆయగాండ్రలో నొకరు. రైతులకు నాగలి, మేడి, నొగ, కాడి, గుంటక, బండిచక్రపు టాకులు, పూటీలు మున్నగునవి చేసియిచ్చి, పంటకాలమున కళ్లములో మేర గైకొనుచుండిరి. నా బాల్యముననే ఇనుపనాగళ్లు, ట్రాక్టర్లు, రబ్బరుచక్రముల బండ్లు వచ్చినవి. కళ్లములో మేర తగ్గినది. ఒకనాడు నేను వారి ఉలిని చేతబట్టి చూచుచుండగా నా చేతినుండి దానిని దీసికొని, “ఇది నాతోనే పోనిమ్ము నాయనా! నీవు కలము పట్టుము” అనిరి. వారి కన్నులలో నీరు నిండుట నేను జూచితిని. వారిని నేను నిందింపను. ఆనాడు వారు చేసిన నిర్ణయమువలననే నాకు ఉద్యోగమును, నా బిడ్డలకు చదువును లభించినవి. కాని వారు గతించినపిమ్మట వారి పనిముట్లు గోనెసంచిలో చుట్టబడి మా యింటి యటకమీద ఇరువదియారేండ్లు పడియుండెను. ఇచ్చట గూర్చున్న యెందఱి యిండ్ల యటకలమీద నట్టి గోనెసంచులు గలవో యెవరికివారు తలచుకొనవలయును.

ఇక నేను పనిశాలకు బోవుటకు గలిగిన కారణము మిక్కిలి యల్పమైనది. వర్షకాలమున మా వంటయింటి తలుపు బిగిసి మూయరాకుండెను. ఒక పనివానిని బిలిచి అంచు చిత్రికపట్టించితిని. తలుపు సులభముగ మూసికొనెను. సంతసించితిని. వేసవి వచ్చునప్పటికి ఆ తలుపునకును ద్వారబంధమునకును నడుమ బల్లి దూరునంత సందు ఏర్పడెను. నా భార్య నన్నుజూచి, “మీరు వడ్రంగులబిడ్డలేనా?” అనెను. నవ్వుచునే యనెను గాని ఆ మాట నా హృదయమున ములుకువలె నాటుకొనెను.

ఆ దినములలోనే, మా పట్టణమునకు కొలదిదూరముననున్న గ్రామమున ఒక వృద్ధుడు శని ఆదివారములలో చేతిపనిముట్లతో కొయ్యపని నేర్పుచున్నాడని వింటిని. విచారింపగా ఆయన నా తల్లిగారికి అన్నవరుస. డెబ్బదియారేండ్లవారు. పోయి నమస్కరింపగా, “ఏమల్లుడూ! దస్త్రములు చాలించి కొయ్యలదారి పట్టితివా?” యని నవ్విరి. రెండుదినముల శిక్షణకు మూడువేల రూపాయలు రుసుము. నావద్ద గైకొనుట కంగీకరింపలేదు. “గురువునకు రుసుము లేనిచో విద్యకు విలువలేదు మామయ్యగారూ” యని బలవంతము చేసి యిచ్చితిని.

విద్యార్థులము ఎనమండ్రము. కంప్యూటరు ఇంజనీర్లు ఇద్దఱు, ఒక వైద్యుడు, ఒక ఉపాధ్యాయిని, గృహనిర్మాణశాస్త్రము చదువుచున్న యొక బాలిక, ఒక రైతుబిడ్డ, ఒక బ్యాంకు ఉద్యోగి, నేను. ఇందు మన కులమువాడను నేనొక్కడనే. ఈ సంగతి యీ సభలో జెప్పుట నాకు సుఖకరము గాదు. అయినను చెప్పకతప్పదు. ఏ విద్యను మన మటకమీద బెట్టితిమో, ఆ విద్యకొరకు ఇతరులు సెలవుదినములు మానుకొని, రూపాయలిచ్చి, నేలపై గూర్చుండి నేర్చుకొనుచున్నారు.

శనివారము ప్రాతఃకాలమున మామయ్యగారు మాచేత కొయ్యను ముట్టనీయలేదు. ప్రతివానికిని ఒక మొద్దువాఱిన ఉలిని, సానరాతిని ఇచ్చి, “ముందు దీనిని బ్రదికింపుడు” అనిరి. ఉలివాదర యేటవాలు సుమారు 25 మొదలు 30 డిగ్రీలవఱకు నుండవలయును. పలుచన చేసినచో కొన విఱుగును; మందమైనచో కొయ్య తెగదు, నలుగును. ఆ వాలు చెడకుండ రాతిపై రుద్దగా రుద్దగా, వాదర వెనుకవైపున సన్నని ముల్లంచు వ్రేలికి దగులును. అది తగిలినప్పుడే వాదర కొనవఱకు అరిగినదని గుర్తు. అప్పుడు ఉలిని త్రిప్పి వెనుకభాగమును రాతిపై సమముగ బరచి ఆ ముల్లును దీసివేయవలయును. రెండుగంటలకు నా ఉలి ముంజేతి వెండ్రుకలను దెగగోసినది. మొద్దు పనిముట్టే మిక్కిలి ప్రమాదకరమనియు, దానిని బలముతో నెట్టవలసివచ్చుననియు, బలముతో నెట్టినది జాఱుననియు వారు చెప్పిరి. “ఉలికొన ముందర నీ చేయి ఎన్నడు నుండరాదు; రెండుచేతులు కొనకు వెనుకనే” యనునది వారి ప్రథమసూత్రము. ఆ సూత్రము విన్న యర్ధగంటకే దానిని మఱచి నేను బొటనవ్రేలు కోసికొంటిని. వైద్యుడు కట్టుగట్టెను. మామయ్యగారు మాత్రము, “ఇక మఱవవు” అని యూరకుండిరి.

అపరాహ్ణమున కొయ్యనుగూర్చి బోధించిరి. కొయ్య నఱికినపిమ్మటగూడ గాలిలోని తేమను పీల్చును, విడుచును. పొడవున దాదాపుగ మాఱదు. వెడల్పున మాఱును. ఆ వెడల్పులోను, మ్రానుయొక్క వర్షవలయముల వెంట గలుగు సంకోచము, వలయములకు అడ్డముగ గలుగు సంకోచమునకు సుమారు రెండింతలుండును. అందువలననే పచ్చిబల్ల ఆఱునప్పుడు దొప్పవలె వంగును. అంగుళము మందముగల బల్ల నీడను గాలిలో నాఱుటకు సుమారొక సంవత్సరమని పూర్వులు లెక్కపెట్టుచుండిరి. నా తలుపు సంగతి వారితో జెప్పితిని. వారు నవ్వి, “వర్షములో ఉబ్బిన కొయ్యను చెక్కితివి, ఎండలో అది సన్నగిల్లెను. తప్పు కొయ్యది గాదు, ఋతువు నెఱుగని తొందరది. అది యాఱువఱకు ఆగి, అంచులన్నిటికి నూనెయో వార్నీషో పూసియుండవలసినది” అనిరి. పాతకాలపు తలుపులలో నడిమిపలకను చట్రపు గాడిలో వదులుగ నిలుపుటయేగాని మేకులతోనో జిగురుతోనో బిగింపకుండుటకు గారణ మిదియే. పలక ఉబ్బినను తగ్గినను గాడిలోనే యాడును, చట్రము చెడదు. మా నాయనగారి చేతులు ఎఱిగిన యీ శాస్త్రమును వారి కుమారుడు అరువదేండ్లకు ఇతరుల పార్శ్వమున గూర్చుండి వినెను.

ఆదివారమున ప్రతివారమును ఒక చిన్న నాలుగుకాళ్ల పీటను చేయవలయునని నిర్ణయము. వేపకొయ్య. ముందు రంపముతో కోసి, బాడిసతో మోటు దీసి, చిత్రికతో చదునుచేసితిమి. చిత్రికను నార వాలునుబట్టి నడపినచో పొట్టు పట్టుగుడ్డవలె చుట్టలుగ లేచును. ఎదురునారను నడపినచో కొయ్య లేచిపోయి గుంటలుపడును. చేతికి తెలియుచున్న యీ భేదము ఏ పుస్తకమునందును నాకు దెలియలేదు. మూలలు సరిచూచుటకు, ఒకవైపు మూడుపాళ్లు, మఱియొకవైపు నాలుగుపాళ్లు కొలిచి, కొసనుండి కొసకు ఐదుపాళ్లున్నచో మూల సరియైనదని చూపిరి. చట్రమైనచో రెండు కర్ణములు సమానముగనున్నవో లేవో చూచినజాలును. యజ్ఞవేదులను త్రాటితో గొలిచిన శుల్బసూత్రకారుల లెక్కయు, మా గ్రామపు వడ్రంగి లెక్కయు ఒక్కటియేయని నా కప్పుడు స్ఫురించెను.

పిమ్మట కుసియు బెజ్జమును. కాలికొనను సన్నముగ జెక్కినది కుసి. పీటబల్లలో దానికై తొలిచినది బెజ్జము. కుసి వదులైనచో పీట ఊగును. బిగువైనచో బల్ల పగులును. చేతితో నెట్టగా సగమువఱకు బోయి, కొయ్యసుత్తి దెబ్బకు మిగిలినది పోవలయును. కుసికొనను చీల్చి సన్నని చీలికను దిగగొట్టినచో అది విచ్చుకొని యెన్నటికి నూడిరాదు. ఆ చీలికను బల్లనారకు అడ్డముగ నిలుపవలయును. నారవెంట నిలిపినచో బల్లయే చీలును. నేను మొదటిసారి నారవెంట నిలిపి ఒక బల్లను చీల్చితిని. ఉపాధ్యాయిని చేసిన పీట మాయందఱి పీటలకంటె చక్కగ గుదిరెను. నాది నేలపైబెట్టగా టకటక లాడెను. మామయ్యగారు దానిని చదునైన బండపై బెట్టి, పొట్టికాలిక్రింద చిన్నముక్క యెత్తుపెట్టి, బల్ల సమమైనపిమ్మట ఒక దిమ్మె యాధారముగ నాలుగుకాళ్లకు చుట్టును ఒకే యెత్తున గీటుగీచి, “ఈ గీటువెంట కోయుము” అనిరి. కోసితిని. పీట కదలక నిలిచెను.

సాయంకాలము అందఱు వెడలినపిమ్మట నేను వారితో, “మామయ్యగారూ! కులవిద్యను ఇతరులకు నేర్పుచున్నారని మనవారు తప్పుపట్టరా?” యని యడిగితిని. వారు కొంతసేపు సానరాతిని గడుగుచుండిరి. పిమ్మట, “అల్లుడూ! నాకు కొడుకు లిద్దఱు. నేర్చుకొనవలదని నేనే చెప్పితిని, మీ నాయన నీకు చెప్పినట్లే. ఇప్పుడీ విద్యను దాచుకొందునందువా, ఏ పెట్టెలో దాతును? తాళపుచెవి ఎవరికిత్తును? ఉలికి త్రుప్పు పట్టిన రాతిపై రుద్దుదుము. చేతికి త్రుప్పు పట్టినచో రుద్దుటకు రాయిలేదు” అనిరి.

మహాజనులారా! ఆ మాటలకు నావద్ద సమాధానము లేకుండెను. మనలో పలువురకు నిట్టి సందేహమే కలుగవచ్చును. కులవిద్య కులముననే యుండవలయునని పెద్దలు తలచుట స్వార్థముచేత మాత్రమే గాదు. అది వారి జీవనాధారమైనందువలన. కాని మన కులమున అవతరించిన పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామివారు తమ బ్రహ్మవిద్యను ఎవరికిచ్చిరి? దూదేకుల సిద్ధయ్య వారి ప్రియశిష్యుడు. మాదిగ కక్కయ్య వారి శిష్యుడు. అంతటి విద్యనే యట్లు పంచిన గురువును ఏటేట ఆరాధించు మనము, బాడిస పట్టుటను దాచుకొందుమా? ఇక స్త్రీల సంగతి. స్వామివారి మనుమరాలు ఈశ్వరమ్మగారిని మనము పూజించుచున్నాము. నెల్లూరు మండలమందలి ఉదయగిరిలో కొయ్యగరిటెలు చేయుపనిలో స్త్రీలు పేరొందియున్నారు. అట్లయ్యును మన బాలికలచేతికి ఉలి నిచ్చుటకు మనము వెనుదీయుచున్నాము. ఇది సరియైన మార్గముగాదని నా యభిప్రాయము.

ఇతరులు చేరినచో విద్య చెడునను భయమునకు ప్రత్యక్షమైన సమాధానము ఏటికొప్పాక. వరాహనదీతీరమున నున్న యా గ్రామమున అంకుడుకొయ్యను తరిమెనపట్టి, లక్కతో రంగులువేసి బొమ్మలు చేయుదురు. ఆ పనికి చెట్ల రంగులను మఱల దెచ్చుటకు పాటుపడిన చింతలపాటి వెంకటపతిరాజుగారు ఆ వృత్తికులమున బుట్టినవారు గారు. వారికి 2023 లో పద్మశ్రీ లభించెను. ఆ బొమ్మలకు 2017 లో భౌగోళికసూచిక లభించెను. బయటివాని యాసక్తివలన పనివానికి నష్టము గలుగలేదు, గౌరవము పెరిగెను.

పరంపర నిలుచుటకు పని నడుచుచుండుటయే యుపాయము. పూరీక్షేత్రమున జగన్నాథస్వామి రథములు మూడును ఏటేట క్రొత్తగ చేయబడును. అక్షయతృతీయనాడు పని మొదలు. నందిఘోషమునకు 16, తాళధ్వజమునకు 14, దర్పదళనమునకు 12, మొత్తము 42 చక్రములు. పాతరథమునే యుంచుకొనినచో ధనము మిగులును. కాని చేయుచేతులు మిగులవు. జపానుదేశమున ఇసె దేవాలయమును ఇరువదేండ్ల కొకసారి కొయ్యతో మఱల నిర్మింతురు. కడపటిసారి 2013 లో జరిగెను. రాబోవునది 2033 లో. ఇరువదేండ్లలో శిష్యుడు గురువగును. అంతకు మించి యాలస్యము చేసినచో నేర్పువాడు మిగులడని వారి పద్ధతి మనకు బోధించుచున్నది. మన యటకమీది గోనెసంచి ఇరువదియారేండ్లు నిద్రించెనని యిదివఱకే మనవిచేసితిని.

నేను యంత్రములకు విరోధిని గాను. యంత్రపు రంపముతో బ్రదుకుచున్న మన సోదరులు వేలకొలది గలరు. వారి చెమటయు పవిత్రమే. రెండు దినములలో ఎవడును వడ్రంగి కాడు. పీట చేసినమాత్రమున జీవనము గడవదు. ఈ సంగతి స్పష్టముగ జెప్పనిచో నేను మిమ్ము మోసగించినవాడ నగుదును. అయినను రెండుదినములలో ఒక బాలునకు తనచేతికి నేమి సాధ్యమో తెలియును. పదిమందిలో ఒకనికి ఆ పని మనసున బట్టినజాలును. వాడు మిగిలిన పదియేండ్లు తానే వెదకికొని నేర్చును. యంత్రముపై బనిచేయు యువకుడు సైతము నార వాలును, తేమ సంగతిని ఎఱిగినచో వాని పని మెఱుగగును. పాతదేవాలయముల రథములును, తలుపులును మరమ్మతు చేయుటకు ఎఱిగినచేతులే కావలయును. కేంద్రప్రభుత్వమువారు 2023 సెప్టెంబరు 17 న ప్రారంభించిన ప్రధానమంత్రి విశ్వకర్మ పథకమున 18 వృత్తులు చేర్పబడెను. అందు వడ్రంగము గలదు. ఐదు మొదలు ఏడు దినముల ప్రాథమికశిక్షణ, దినమునకు 500 రూపాయల భృతి, పనిముట్లకు 15,000 రూపాయలు అందు నిర్ణయింపబడినవి. కాని ప్రభుత్వ మిచ్చునది పనిముట్టు; దానిని పట్టు తీరును మన వృద్ధులే యీయవలయును.

కావున సంఘమువారికి నా మనవి యిది. మన వసతిగృహపు పెరటిలో ఒక పెంకుటిపంచ గలదు. అందు నెలకు రెండు పర్యాయములు, శని ఆదివారములలో, ఎనమండ్రకు మించకుండ విద్యార్థులతో కొయ్యపని శాలను నెలకొల్పవలయును. సగము స్థానములు మన బాలబాలికలకు. మిగిలినవి ఏ కులమువారైనను సరే, నేర్వగోరువారికి. మన పిల్లలకు రుసుము వలదు. ఇతరుల రుసుముతో గురువునకు దక్షిణ యీయవలయును. గురువు మనవాడేగదాయని ఉచితముగ చెప్పించుకొనరాదు. ఆ యలవాటే మన వృద్ధులను పేదలను జేసినది. వారు పలుకు పనిముట్ల పేర్లు, కొలతలు, జాగ్రత్తలు ఒక చిన్నపుస్తకముగ వ్రాయించు భారము నేను వహింతును. వ్రాతపని నాకు చేతనగును.

పోషకులారా! మీ నుండి ధనముకంటె ముందు మఱియొకటి కోరుచున్నాను. మీ యిండ్లకు బోయి అటకమీది గోనెసంచిని దింపుడు. త్రుప్పుపట్టిన ఉలి, పిడియూడిన బాడిస, పండ్లువంగిన రంపము, ఏదున్న నది తెండు. త్రుప్పు వదలించుట మా మొదటి పాఠమగును. లేనివారు ఒక్కొక్క జత పనిముట్లకు దగిన ద్రవ్యమును దయచేయుడు. ఆ పనిముట్టు నెవరు వాడిరో వారి పేరు పిడిపై చెక్కింతుము.

నేను నా వంతు తెచ్చితిని. ఈ బల్లపైనున్నది మా నాయనగారి బాడిస. త్రుప్పు వదలించి, సానపట్టి, క్రొత్తపిడి తొడిగితిని. పిడి కొంచెము వంకరగ నున్నది; అది నా పనితనము. “నాతోనే పోనిమ్ము” అని వారన్న మాటను నేను మన్నింపలేకపోతిని. ఈ యొక్క యాజ్ఞోల్లంఘనమును వారు క్షమింతురని నమ్ముచు, దీనిని శాలకు మొదటి కానుకగ అధ్యక్షులవారి కరకమలములందు సమర్పించుచున్నాను.

 విశ్వకర్మ భగవానుడు మన చేతులకు పనిని, పనికి గౌరవమును ప్రసాదించుగాక!